గొడుగు తిరగేసి చూడండి

మా అమ్మాయి అమెరికాలో, సియాటిల్ పక్కన రెడ్మండ్‌లో ఉంటుంది. ఒక అక్టోబరులో వాళ్ళింట్లో ఉన్నప్పుడు శనివారం పొద్దున్నే నన్ను క్యాస్కేడ్ కొండల్లోకి తీసుకెళ్ళింది. రాత్రంతా కురిసిన వాన తెల్లవారుజామున ఆగింది. స్ప్రూస్ చెట్ల కింద, రాలిన సూదుల మధ్య నుంచి గోధుమ రంగు గొడుగొకటి నేలను పైకెత్తుకుంటూ వచ్చింది. బేకరీలో అప్పుడే తీసిన బన్ను లాగా నున్నగా, గుండ్రంగా ఉంది.

"నాన్నా, పుట్టగొడుగు! నాయనమ్మ వండేది ఇదే కదూ?" అంది.

"అదే" అనబోయాను. మాట నోటిదాకా వచ్చింది.

ఈ అధ్యాయం రాయడానికి కారణం నోటిదాకా వచ్చిన ఆ ఒక్క మాట. కొత్త మనిషిని చూసినా, కొత్త ఉద్యోగంలో చేరినా, కొత్త ఊళ్ళో అద్దెకు దిగినా మన మనసు ముందు చేసే పని ఇదే. తెలిసినదానితో పోలిక వెతుకుతుంది, దొరకగానే పేరు పెట్టేస్తుంది, అక్కడితో చూడడం మానేస్తుంది. చాలా చోట్ల ఆ తొందరకు చిన్న మూల్యంతో సరిపోతుంది. అడవి పుట్టగొడుగు దగ్గర సరిపోదు. అందుకే చూపును సాధన చేయడానికి ఇంతకన్నా మంచి బడి నాకు కనిపించలేదు.

మా అమ్మకు పుట్టగొడుగుల సంగతి పుస్తకాలు చదివి తెలియలేదు. పార్వతీపురం దగ్గర మా ఊరి చెరువు గట్టు వెనక ఫలానా పుట్ట మీద, తొలకరి పడ్డాక ఫలానా రోజుల్లో, ఏటా అవే మొలుస్తాయని ఆవిడకు తెలుసు. పేరులోనే గుర్తు ఉంది: పుట్ట మీద మొలిచే గొడుగు. చెదపురుగులు తమ పుట్టలో తోటలా పెంచుకునే శిలీంధ్రం అది. శాస్త్రవేత్తలు ఆ జాతిని టెర్మిటోమైసిస్ అంటారు. కాడను మెల్లగా తవ్వుకుంటూ పోతే వేరులా సన్నబడి, పుట్ట లోపలి ఆ తోట దాకా దిగుతుంది. ఇక మిగిలినవన్నీ ఆవిడ లెక్కలో కుక్కగొడుగులు. వాటిలో ఏది ఏదో ఆవిడ తేల్చుకోవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే ఆవిడ వాటి జోలికే వెళ్ళేది కాదు.

అది గట్టి జ్ఞానం. కాకపోతే ఆ ఊరి పొలిమేర వరకే గట్టిది. పొలిమేర దాటితే ఆకారం ఒకటే మనకు గుర్తుంటుంది. ఆ పుట్ట, ఆ రుతువు, ఆ చెరువు గట్టు మన వెంట రావు. ఆసియా దేశాల వాళ్ళు వరిగడ్డి మీద పెంచుకుని ఇష్టంగా తినే పుట్టగొడుగు ఒకటుంది. అమెరికా పశ్చిమ తీరంలో, ఆస్ట్రేలియాలో దానికి చూపులకు దగ్గరగా ఉండే డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగు మొలుస్తుంది. మన ఊరిదే అనుకుని కోసుకుని తిని, వలస వచ్చిన వాళ్ళు కాలేయం చెడి చనిపోయారు. వాళ్ళు అజ్ఞానులు కారు. సొంత ఊళ్ళో ఎన్నడూ తప్పని కన్నునే నమ్ముకున్నారు.

కాబట్టి మొదటి పాఠం ప్రశ్న మార్చుకోవడం. "ఇది అదేనా?" అని అడిగితే మనసు అవుననే వైపే సాక్ష్యాలు ఏరుతుంది. "ఇది అది కాదనడానికి ఇక్కడ ఏముంది?" అని అడిగి చూడండి. కన్ను వెంటనే వేరే చోట్లకు పోతుంది.

ఆ రోజు ఆ ప్రశ్నతోనే మేమిద్దరం మోకాళ్ళ మీద కూర్చున్నాం. గొడుగును పక్కకు వంచి కింది వైపు చూశాం.

అక్కడ మొప్పలు లేవు. బజార్లో దొరికే బటన్ పుట్టగొడుగును తిరగేస్తే కాడ నుంచి అంచు దాకా పుస్తకం పేజీల్లా పలచని రేకులు కనిపిస్తాయే, అవి మొప్పలు. మా అమ్మ వండిన వాటికీ ఉండేవి, డెత్ క్యాప్‌కూ ఉంటాయి. దీనికి మాత్రం కింద స్పాంజి ఉంది. పెనం మీద అట్టు పోసినప్పుడు పైన చిన్న చిన్న చిల్లులు లేస్తాయి చూడండి, అచ్చం అలా. ఒక్కో చిల్లు ఒక్కో సన్నని గొట్టం నోరు. సిద్ధబీజాలు ఆ గొట్టాల లోపలి గోడల మీద తయారై, చిల్లుల్లోంచి కిందికి రాలుతాయి. కింద ఇలా చిల్లులు, మధ్యలో మెత్తని కండగల కాడ, నేల మీద మొలక: ఈ మూడూ కలిస్తే చాలా వరకు బొలీట్ కుటుంబం. చెట్టు మానుకు అరల్లా అంటుకుని పెరిగే గట్టి శిలీంధ్రాలకూ చిల్లులుంటాయి గానీ వాటి గొట్టాల పొర కండను వదలదు. బొలీట్‌కు బొటనవేలితో తోస్తే ఆ స్పాంజి పొర మొత్తంగా ఊడి వస్తుంది.

ఆ ఒక్క తిరగేతతో "నాయనమ్మ వండేది" అన్న మాట పోయింది. చూడడానికి అర నిమిషం పట్టలేదు.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. బొలీట్లలో డెత్ క్యాప్ లాంటి ప్రాణాంతకమైనవి దాదాపు లేవని ఎక్కడో వింటారు, చిల్లులు కనిపించగానే బుట్టలో వేసుకుంటారు. అది ఇంటిపేరు తెలియగానే మనిషి తెలిసిపోయాడనుకోవడం. ఆ ఇంట్లో అన్నం పెట్టేవాళ్ళున్నారు, ఆస్పత్రికి పంపేవాళ్ళూ ఉన్నారు.

సరే, ఇప్పుడు కాడ. నేను చేసిన తప్పు ఇక్కడే చెప్పాలి. అమ్మాయి వద్దంటున్నా కాడను పట్టుకుని లాగాను. సగానికి విరిగింది, మొదలు నేలలో ఉండిపోయింది. అలా చేయకూడదు. చాకుతోనో చిన్న గునపంతోనో చుట్టూ తవ్వి, మొదలంటా తీయాలి. కాడ కింద సంచి లాంటి తొడుగు ఉంటే అది అమానిటా జాతిది, అంటే డెత్ క్యాప్ చుట్టం, కావచ్చు. ఆ తొడుగు నేలలోనే ఉండిపోతే మనకు ప్రాణం కాపాడే గుర్తు ఒకటి పోయినట్టే. ఇంకా విచ్చుకోని మొగ్గల్లో ఈ గుర్తులేవీ సరిగా కనిపించవు. కొత్తవాళ్ళు మొగ్గలను ముట్టకపోవడం మంచిది.

బొలీట్ కాడ మీద రాత చదవడం నేర్చుకుంటే సగం చదువు అయిపోయినట్టే. మేం చూసినదాని కాడ లావుగా, కిందికి పోయేకొద్దీ ఉబ్బి, గదలా ఉంది. పై భాగంలో తెల్లని దారంతో అల్లిన వల లాంటి ఉబ్బు గీతలు. వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే తప్ప ఆ వల కనిపించలేదు. కొన్ని బొలీట్లకు ఈ వల ఉండదు. లెక్సినమ్ జాతికి కాడంతా నల్లని గరుకు పొలుసులు ఉంటాయి, గడ్డం గీసి రెండు రోజులైన చెంప లాగా. సుయిల్లస్ జాతికి చాలా వరకు గొడుగు మీద బెండకాయ జిగురు లాంటి జిగట, కాడ మీద చిన్న చుక్కలు, కొన్నిటికి ఉంగరం కూడా. ఇవన్నీ చెయ్యి పెట్టి తడిమితే తెలిసే తేడాలు. ఫోన్‌లో ఫొటో తీసి పేరు చెప్పే ఆప్‌లు ఇప్పుడు చాలా వచ్చాయి. అవి జిగటను తాకవు, వాసన చూడవు, నేలలో ఉండిపోయిన మొదలును అడగవు. వాటిని ఊహ కోసం వాడుకోండి, తీర్పు కోసం వద్దు.

తర్వాత కోత. నిలువునా రెండు బద్దలు చేసి, అమ్మాయి ఫోన్‌లో సమయం చూస్తూ కూర్చుంది. కండ తెల్లగా ఉంది. ఐదు నిమిషాలైనా తెల్లగానే ఉంది. ఈ ఓపిక అవసరం, ఎందుకంటే బొలీట్లలో చాలావాటిని కోస్తే కళ్ళ ముందే నీలం తిరుగుతాయి. వంకాయ కోసి గాలికి వదిలేస్తే నల్లబడుతుందని ఉప్పునీళ్ళలో వేస్తాం కదా. ఇదీ ఆ కోవలోదే. కండలో ఉండే వేరిగేటిక్ ఆమ్లం లాంటి పదార్థాలు గాలిలోని ఆక్సిజన్ తగలగానే నీలంగా మారతాయి. నీలమైతే విషమనే మాట అందువల్లే నిజం కాదు. గైరోపోరస్ సయనెసెన్స్ అనే బొలీట్ తాకితే చాలు సిరా పోసినట్టు నీలమవుతుంది, దాన్ని తింటారు. చైనాలోని యున్నాన్‌లో నీలం తిరిగే బొలీట్లను సంతల్లో అమ్ముతారు. వాటిలో లన్మావోవా ఏషియాటికా అనేదాన్ని సరిగా ఉడికించకుండా తింటే కళ్ళ ముందు చిన్న చిన్న మనుషులు తిరుగుతున్నట్టు కనిపిస్తారు. రంగు మారడం ఒక సాక్ష్యం మాత్రమే. ఎంత వేగంగా మారింది, కండంతానా, గొట్టాల దగ్గరేనా, తిరిగి వెలిసిందా అన్నవి కూడా రాసుకుంటేనే ఆ సాక్ష్యానికి విలువ.

మా చేతిలో ఉన్నది ఏదై ఉండవచ్చో అప్పటికి అమ్మాయి ఊహించింది. బొలీటస్ ఎడ్యులిస్. ఇటలీలో పోర్చీనీ, ఫ్రాన్స్‌లో సెప్, జర్మనీలో ష్టైన్‌పిల్ట్స్, అంటే రాతి పుట్టగొడుగు. ఇంగ్లండ్‌లో పెన్నీ బన్. బన్ను లాగా ఉందని నాకు ముందే అనిపించింది కదా, ఇంగ్లీషువాళ్ళకూ అలాగే అనిపించింది. ఎడ్యులిస్ అంటే లాటిన్‌లో తినదగినదని అర్థం. ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త పియెర్ బుల్యార్ 1782లో ఆ పేరు పెట్టాడు. ఆరేళ్ళ తర్వాత, 1788లో, ఆయనే దానికి బాగా పోలిక ఉన్న ఇంకోదాన్ని వర్ణించి ఫెల్లియస్ అన్నాడు. అంటే పైత్యరసం లాంటిది, చేదుది. ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టుకుంటే బొలీట్ గుర్తింపు ఎంత సూక్ష్మమైన పనో తెలుస్తుంది.

రెండూ గోధుమ రంగువే. రెండిటి కాడా లావే. రెండిటి కండా తెల్లగానే ఉంటుంది, నీలం తిరగదు. కానీ ఎడ్యులిస్ చిల్లులు లేతగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి, ముదిరేకొద్దీ పసుపై, ఆ తర్వాత ఆలివ్ పచ్చగా మారతాయి. చేదుదాని చిల్లులు తెలుపు నుంచి గులాబీ ఛాయకు తిరుగుతాయి. ఎడ్యులిస్ కాడ మీద వల తెల్లనిది, సన్ననిది. చేదుదాని వల ముతకది, గోధుమ రంగుది. చేదుదానికి విషం లేదు గానీ ఒక్కటి కలిస్తే కూర మొత్తం పారబోయాలి. న్యూజెర్సీ, నార్త్ కరోలినా వైపు మన వాళ్ళు చాలామంది ఉన్నారు. అమెరికా తూర్పు అడవుల్లో ఈ చేదుది బాగా మొలుస్తుంది. పశ్చిమాన దాని పాత్రను కాలోబొలీటస్ జాతి తీసుకుంది. ఆ జాతి చిల్లులు పసుపు, నొక్కితే నీలం, రుచి చేదు.

ఎర్ర చిల్లుల సంగతి వేరు. కింది స్పాంజి నారింజో ఎరుపో అయితే అక్కడే వదిలేయండి, ఇంక పరీక్షలు వద్దు. యూరప్‌లో సున్నపు నేలల్లో, ఓక్, బీచ్ చెట్ల కింద మొలిచే ఒకదాని గొడుగు సుద్దలా పాలిపోయి ఉంటుంది, చిల్లులు ఎర్రన, ఉబ్బిన కాడ మీద ఎర్రని వల. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హెరాల్డ్ ఓత్మార్ లెంజ్ 1831లో దానికి సైతాను పేరే పెట్టాడు. ఇప్పుడు దాని పూర్తి పేరు రూబ్రోబొలీటస్ సటానస్. పచ్చిగా తింటే వాంతులతో మనిషిని కుదేలు చేస్తుంది. దాని అమెరికా చుట్టం రూబ్రోబొలీటస్ పుల్చెరిమస్ పశ్చిమ రాష్ట్రాల్లో ఉంది. పుల్చెరిమస్ అంటే అతి సుందరమైనదని. 1994లో దాన్ని తిన్న దంపతుల్లో భర్త చనిపోయాడు. బొలీట్లు చంపవని ధీమాగా చెప్పేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

"ఎరుపు వద్దు, నీలం వద్దు, చేదు వద్దు" అని మూడు ముక్కల సూత్రం ఒకటి ప్రచారంలో ఉంది. కొత్తవాళ్ళకు పనికొచ్చేదే. అయినా దానికీ ఒక కన్నం ఉంది. అమెరికా ఈశాన్యాన హెమ్లాక్ చెట్ల కింద మొలిచే బొలీటస్ హ్యూరోనెన్సిస్ చిల్లులు పసుపు రంగువి. నీలం కూడా గట్టిగా తిరగదు, ఆలస్యంగా, అరకొరగా తిరుగుతుంది. చూపులకు ఎడ్యులిస్ చుట్టంలా ఉంటుంది. తిన్నవాళ్ళు గంటల తరబడి వాంతులతో, విరేచనాలతో అల్లాడతారు. సూత్రం తలుపు దగ్గర కాపలా లాంటిది. లోపలికి వచ్చినవాడు ఎవడో అది చెప్పదు.

ఇంట్లో చెప్పుకునే పరీక్షలు కొన్ని ఉన్నాయి. వెండి చెంచా నల్లబడితే విషమని, పురుగు తింటే మనమూ తినొచ్చని. రెండూ తప్పే. డెత్ క్యాప్ వెండిని నల్లబరచదు, పురుగులు దాన్నీ తింటాయి. ఉడికిస్తే దాని విషం పోతుందన్నదీ తప్పే.

చెట్టు చూడడం మరవకండి. బొలీట్లలో ఎక్కువ భాగం చెట్ల వేళ్ళతో పొత్తు పెట్టుకుని బతుకుతాయి. శిలీంధ్రం నీళ్ళూ ఖనిజాలూ తెచ్చిస్తుంది, చెట్టు చక్కెర ఇస్తుంది. అందుకే ఫలానా బొలీట్ ఫలానా చెట్టు కిందే దొరుకుతుంది: సుయిల్లస్ పైన్ కుటుంబం కింద, లెక్సినమ్‌లో చాలా రకాలు బర్చ్, ఆస్పెన్ కింద. మన దేశంలో గుగ్గిలం చెట్టుకు, అంటే సాలవృక్షానికి, ఇలాంటి పొత్తే ఉంది. సాల అడవుల్లో వానాకాలం మీకూ చిల్లుల గొడుగులు కనిపించవచ్చు. అక్కడి గిరిజనులకు వాటిలో ఏది ఏదో తెలుసు. వాళ్ళ జ్ఞానం ఆ అడవికి చెందినది. దాన్ని గౌరవించి అడిగి తెలుసుకోండి, కానీ అక్కడ విన్నదాన్ని వేరే అడవిలో వాడకండి.

ఇంటికి వచ్చాక రాత్రి ఇంకో పని చేశాం. ఈ పని నాకు అన్నిటికన్నా నచ్చింది. సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం పక్కపక్కన అతికించి, ఒక బద్దలోని గొడుగును కాడ దగ్గర కోసి, చిల్లులు కిందికి వచ్చేలా వాటి మీద బోర్లించాం. గాలి తగలకుండా పైన గిన్నె మూశాం. తెల్లారి గిన్నె తీస్తే తెల్ల కాగితం మీద ఆలివ్ ఛాయ కలిసిన గోధుమ రంగు పొడి, సన్నని చుక్కల ముద్రగా పడి ఉంది. అదే సిద్ధబీజాల ముద్ర. చేదుదైతే గులాబీ ఛాయ వచ్చేది. గైరోపోరస్ అయితే లేత పసుపు. గొడుగు రంగు ఎండకూ వానకూ మారుతుంది. ఈ ముద్ర రంగు అలా మారదు. రాత్రంతా ఆగగలిగినవాడికే దొరికే సాక్ష్యం ఇది.

సియాటిల్‌లో 1964లో మొదలైన ప్యూజెట్ సౌండ్ మైకలాజికల్ సొసైటీ అనే సంఘం ఉంది. మేం మా రెండు బద్దలనూ కాగితాన్నీ పట్టుకుని అక్కడి అనుభవజ్ఞురాలు ఒకావిడకు చూపించాం. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న "ఏ చెట్టు కింద?" అని. రెండోది "దీని మొదలు ఏది?" అని. నేను తలదించుకున్నాను. ఆవిడ పదిహేను నిమిషాలు తిప్పి తిప్పి చూసి, వాసన చూసి, అమ్మాయి రాసుకున్న పేజీ చదివి, అప్పుడు ఎడ్యులిస్ అంది. ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి కూడా పేరును చివరనే చెప్పింది. మేం ఆ రోజు దాన్ని తినలేదు. కాడ నిండా పురుగు సొరంగాలున్నాయి, తినే వయసు దాటిపోయింది.

మీరు కూడా అలాంటి పేజీ ఒకటి రాయడం మొదలుపెట్టండి. తారీకు, చోటు, చెట్టు, గొడుగు వెడల్పు, తడిస్తే జిగటా పొడా, చిల్లుల రంగు, నొక్కితే ఏమైంది, కాడ మీద వలా పొలుసులా చుక్కలా, మొదలు ఎలా ఉంది, కోశాక ఒక నిమిషానికి, ఐదు నిమిషాలకు ఏ రంగు, వాసన, మర్నాటి ముద్ర. కింద చివరి గీత మీద పేరు. ఆ గీతను మొదట్లో చాలాసార్లు ఖాళీగానే వదలాల్సి వస్తుంది. వదలండి. అమ్మాయి నోటుబుక్‌లో ఇప్పటికి నలభై పేజీలు దాటాయి, పేరున్నవి పదకొండే. రుచి చూసి ఉమ్మేసే పద్ధతి కూడా పుస్తకాల్లో కనిపిస్తుంది. అది పక్కన తెలిసినవాళ్ళు లేకుండా మీరు చేయవద్దు. అడవిలో కోసే ముందు అక్కడి అటవీ శాఖ నిబంధనలు చదవండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి.

ఎవరైనా తెలియని పుట్టగొడుగు తిని ఉంటే ఆలస్యం చేయకండి. బొలీట్ల బాధ సాధారణంగా కొద్ది గంటల్లోనే మొదలవుతుంది. డెత్ క్యాప్ బాధ ఆరు గంటల తర్వాత, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా మొదలై, మధ్యలో ఒక రోజు తగ్గినట్టు నమ్మించి, అప్పుడు కాలేయాన్ని పడగొడుతుంది. తగ్గింది కదా అని ఇంట్లో ఉండిపోకండి. మిగిలిన ముక్కను కాగితంలో చుట్టి, వాంతి అయితే దాన్ని కూడా పట్టి, ఆస్పత్రికి వెంట తీసుకెళ్ళండి. అమెరికాలో ఉన్నవాళ్ళు 1-800-222-1222కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా విష చికిత్స నిపుణులు పలుకుతారు. ఆ నెంబరు ఇప్పుడే మీ ఫోన్‌లో పెట్టుకోండి.

వచ్చే వానల్లో ఒక్క పుట్టగొడుగు దగ్గర మోకాళ్ళ మీద కూర్చోండి. తవ్వండి, తిరగేయండి, కోయండి, ముద్ర తీయండి, రాయండి. మొదటి ఏడాది ఒక్కటి కూడా తినకండి.